బీఏ సైకాలజీ తర్వాత ఏ పీజీ? క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే దారి ఏది?

బ్రాడీపేట వాసి:
చెల్లి గుంటూరులో బీఏ సైకాలజీ ఆఖరి ఏడాది. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలని పట్టుదల. ఇంట్లోవాళ్లేమో డిస్టెన్స్‌లో ఎంఏ కట్టించి, పక్కన కౌన్సెలింగ్ డిప్లొమా ఒకటి చేయిద్దామంటున్నారు. అలా చదివితే హాస్పిటల్లో పని చేయనిస్తారా? బాబాయి కొడుకు హౌస్ సర్జన్సీలో ఉన్నాడు, వాడికి సైకియాట్రీ మీద మనసుంది. ఇద్దరి సంగతీ చెప్పగలరు.

కృష్ణలంక:
డిస్టెన్స్ మాట ఇక ఎత్తకండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ చెప్పేసింది. సీటుందని ఎవరైనా ఫోన్ చేస్తే రూపాయి కట్టొద్దు.

క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలింగ్ డిప్లొమాతో అది రాదు. ఇన్నాళ్లూ దారి ఇది: సైకాలజీలో రెండేళ్ల ఎంఏ లేదా ఎంఎస్సీ, జనరల్ వాళ్లకి 55 శాతం, ఆపైన ఆర్‌సీఐ గుర్తించిన రెండేళ్ల ఎంఫిల్. ఆ ఎంఫిల్‌లో చేర్చుకోవడానికి యూజీసీ ఇచ్చిన గడువు 2025-26 వరకే. దాని బదులు ఆర్‌సీఐ రెండేళ్ల ఎంఏ క్లినికల్ సైకాలజీ తెచ్చింది. ప్రాస్పెక్టస్ తెరవగానే డిగ్రీ మూడేళ్లదైతే చాలన్నారా, నాలుగేళ్లది కావాలన్నారా చూడండి. చెల్లి ప్లాన్ అంతా దాని మీదే ఉంది.

కాలేజీ మాట నమ్మకుండా ఆర్‌సీఐ వెబ్‌సైట్లో అనుమతి జాబితా మీరే చూసుకోండి. కోర్సు పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, అనుమతి ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో, సీట్లెన్నో ఉండాలి. అదే కాలేజీకి స్పెషల్ బీఈడీకి (వైకల్యం ఉన్న పిల్లలకి చెప్పే టీచర్ల కోర్సు) అనుమతి ఉంటే అది దీనికి పనికిరాదు. గడువు దాటిన అనుమతితో చేరితే చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు.

వార్డు డ్యూటీ:
పై మాటకి కొంచెం కలుపుతాను. ఎంఫిల్లో మొదటి ఏడాదిలో ఐదు సైకోడయాగ్నస్టిక్ రికార్డులు (పరీక్షలు పెట్టి సమస్య ఏంటో తేల్చిన కేసులు), రెండో ఏడాదిలో ఐదు థెరపీ రికార్డులు, ఒక డిసర్టేషన్ (పరిశోధన పత్రం) ఇవ్వాలి. ఇది పేషెంటు ఎదురుగా కూర్చుని నేర్చుకునే పని. ఉదాహరణకి, డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడో, మత్తు కలిగించే మందు వేసుకుని తూగుతున్నప్పుడో ఐక్యూ టెస్ట్ పెడితే స్కోరు పడిపోతుంది, ఆ కాగితం పట్టుకుని బుద్ధిమాంద్యం అని రాసేస్తే ఆ మనిషి బతుకంతా వెంటాడుతుంది. మన జిల్లాల్లో పేషెంట్లు దిగులు అని చెప్పరు. నరాల వీక్‌నెస్ అంటారు, గుండె దడ, గ్యాస్ అంటారు. నిద్ర ఎన్నింటికి పడుతోంది, ఎన్నింటికి మెలకువ వస్తోంది, తిండి, పని, చనిపోవాలన్న ఆలోచన, ఇవన్నీ విడివిడిగా అడిగితేనే అసలు సంగతి బయటికొస్తుంది. చెల్లి డిగ్రీలో ఉండగానే కేస్ హిస్టరీ తీయడం మొదలుపెట్టాలి.

తమ్ముడి దారి సూటిగా ఉంటుంది. నీట్ పీజీతో మూడేళ్ల ఎండీ సైకియాట్రీ లేదా మూడేళ్ల డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ), ప్రాక్టీసుకి రెండూ చెల్లుతాయి. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆల్ ఇండియా కోటాలో ఎంసీసీ (కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నింపుతుంది, రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ విజయవాడ హెల్త్ యూనివర్సిటీది. రెంటికీ విడివిడిగా రిజిస్టర్ చేసుకోవాలి. మంగళగిరి ఎయిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్ నీట్ పీజీలో ఉండవు, వాటికి ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్‌ఐ సెట్ అనే వేరే ఎంట్రన్స్ రాయాలి. ఎండీ అయ్యాక పిల్లల సైకియాట్రీ, వృద్ధుల సైకియాట్రీ, అడిక్షన్‌లలో మూడేళ్ల డీఎం (సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఉంది.

బ్రాడీపేట వాసి:
చాలా సాయం చేశారండీ. ఒకవేళ చెల్లికి ఆ సీటు రాకపోతే?

కృష్ణలంక:
ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చూడండి, మెడికల్ అండ్ సైకియాట్రిక్ స్పెషలైజేషన్ ఉన్న చోట. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని గుర్తించింది గానీ ఎంఎస్‌డబ్ల్యూ పైన రెండేళ్ల ఎంఫిల్ అడిగింది, దానికీ గడువు 2025-26 వరకే. కాబట్టి ఆ తర్వాత ఏ అర్హత చెల్లుతుందో రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీని రాతపూర్వకంగా అడిగాకే ఫీజు కట్టండి.