అప్‌డేట్: ఆకివీడు చెరువు యూగ్లీనాలో ‘విరిగిన’ ఆర్‌పీఎస్3 జన్యువు చిక్కు వీడింది

ఆకివీడు చేపల చెరువు నీటిమీది ఎర్రతెట్టు నుంచి తీసిన యూగ్లీనా (ఏకకణ జీవి) ప్లాస్టిడ్ జీనోమ్‌లో, అంటే దాని క్లోరోప్లాస్ట్ సొంత డీఎన్‌ఏలో, ఆర్‌పీఎస్3, ఆర్‌పీఎల్16 అనే రైబోజోమ్ ప్రోటీన్ జన్యువుల లోపల మధ్యలోనే స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపే సంకేతాలు) వస్తున్నాయని, సాఫ్ట్‌వేర్ వాటిని చచ్చిన జన్యువులుగా చూపుతోందని, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు.

“ఆర్‌ఎన్‌ఏ చూడండి” అన్న సలహాయే పనిచేసింది. ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏస్ (మిగిలిన డీఎన్‌ఏను నాశనం చేసే ఎంజైమ్) వేశాక, ఎక్కడైనా అతుక్కునే ర్యాండమ్ ప్రైమర్లతోనే సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసిన డీఎన్‌ఏ నకలు) చేయాలి. ప్లాస్టిడ్ ఎంఆర్‌ఎన్‌ఏకి పాలీ-ఏ తోక ఉంటుందన్న భరోసా లేదు కాబట్టి ఆ తోకకే అతుక్కునే ఒలిగో-డీటీ ప్రైమర్ వద్దు. డీఎన్‌ఏ మిగిలిపోలేదని తేల్చుకోవడానికి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (సీడీఎన్‌ఏ చేసే ఎంజైమ్) లేని ట్యూబు పక్కన తప్పక పెట్టండి. జెల్‌పై సీడీఎన్‌ఏ బ్యాండు డీఎన్‌ఏ బ్యాండు కన్నా బాగా కిందికి దిగింది, అంటే పొట్టిగా ఉంది. సీక్వెన్స్ చేస్తే రెండు జన్యువులూ స్టాప్ లేకుండా చివరిదాకా చదివాయి.

అసలు కారణం ట్విన్‌ట్రాన్, అంటే ఇంట్రాన్‌లో ఇంట్రాన్ (ఇంట్రాన్ అంటే ఆర్‌ఎన్‌ఏ నుంచి తెగి బయటికి పోయే, జన్యువు మధ్యలోని ముక్క). యూగ్లీనా గ్రాసిలిస్ ఆర్‌పీఎస్3లో 98 న్యూక్లియోటైడ్ల (డీఎన్‌ఏ అక్షరాల) గ్రూప్ 3 రకం ఇంట్రాన్‌లోకి 311 న్యూక్లియోటైడ్ల గ్రూప్ 2 రకం ఇంట్రాన్ దూరి, మొత్తం 409 అయింది. లోపలిది ముందు తెగితేనే బయటిది తెగుతుంది. జన్యువులను గుర్తించే మామూలు అన్నొటేషన్ సాఫ్ట్‌వేర్‌కి ఇది అందదు.

జన్యువుల వరుస కూడా యూగ్లీనా గ్రాసిలిస్‌తో సరిపోయింది: ఆర్‌పీఎల్23, 2, ఆర్‌పీఎస్19, ఆర్‌పీఎల్22, ఆర్‌పీఎస్3, ఆర్‌పీఎల్16, 14, 5, ఆర్‌పీఎస్8, ఆర్‌పీఎల్36. వరి క్లోరోప్లాస్ట్‌లో లేని ఆర్‌పీఎల్5 ఇక్కడ ఉంది, పొరపాటని తీసేయకండి.

నమూనా కలుషితమైందనో, జెనెటిక్ కోడ్ మారిందనో అనుకోవాల్సిన పని గానీ, మళ్లీ జీనోమ్ సీక్వెన్సింగ్ చేయాల్సిన పని గానీ లేకపోయింది.