బడి క్యాంటీన్‌లో ఏం పెట్టాలన్న విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హబ్సిగూడలోని ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి చదువుతోంది. అక్కడి క్యాంటీన్ తిండిపై తల్లిదండ్రుల కమిటీలో ఏకాభిప్రాయం కుదరడం లేదు.

ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మరాదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత, ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) 2020 నిబంధనలు చెబుతున్నందున చిప్స్, కూల్‌డ్రింకులు తీసేయడంపై పేచీ లేదు. వాటి స్థానంలో ఏం పెట్టాలన్నదే అసలు చిక్కు. ఉడికించిన గుడ్డు కావాలని కొందరు, శాకాహార కుటుంబాల పిల్లలు ఇబ్బంది పడతారని కొందరు, చిరుధాన్యాలే చాలని మరికొందరు పట్టుబడుతున్నారు. ప్రయోగంగా పెట్టిన రాగి ఇడ్లీలు మధ్యాహ్నానికి చల్లారి గట్టిపడటంతో, పిల్లలు ఒక ముక్క కొరికి పక్కన పెట్టేశారు.

సర్కారు బడుల మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలన్న ప్రమాణం ఉంది. ఒక్క గుడ్డులోనే దాదాపు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కనుక నేను గుడ్డు వైపే మొగ్గుతున్నాను. అయితే గుడ్డు తినని పిల్లలకు శనగలో, పెసలో అంతే శ్రద్ధగా వండిపెట్టాలన్నది నా పట్టుదల.

మీ పిల్లల బడుల్లో ఈ రెండింటినీ వేర్వేరు కౌంటర్లలో ఇస్తున్నారా? మధ్యాహ్నం వరకూ మెత్తగా ఉండే చిరుధాన్యాల వంటకాలేవి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.