నిద్రలో వేలు చీకే అలవాటు: పిల్లల నోట్లో క్రిబ్ (వేలు చీకకుండా దంతవైద్యులు బిగించే తీగ) పెట్టించిన తల్లిదండ్రులకు ఒక ప్రశ్న

మా పాపకు 7 ఏళ్లు, రెండో తరగతి. పగలు వేలు చీకడం మానేసింది. రాత్రి మాత్రం నిద్ర పట్టిన కాసేపటికే కుడి బొటనవేలు నోట్లోకి వెళ్లిపోతుంది. మెల్లగా తీసేసినా నిద్రలోనే మళ్లీ పెట్టుకుంటుంది. తెల్లవారుజామున మరీ ఎక్కువ. పైన ముందు శాశ్వత దంతాలు రెండూ వచ్చాయి గానీ బయటికి తోసుకొస్తున్నాయి. వెనక పళ్లు కలిపి కరిచిపట్టినా ముందు పళ్ల మధ్య సందు ఉంటోంది. వేలి కణుపు మీద చర్మం కాయ కాసింది.

గోరుకు చేదు మందు రాశాం, నిద్రలో ఆ రుచే తెలియడం లేదు. చేతికి తొడిగిన మేజోడు తెల్లారేసరికి పక్కమీద ఉంటుంది. క్యాలెండర్‌లో నక్షత్రాలు అతికించడం పగటికి బాగా పనిచేసింది, రాత్రికి కాదు. తిట్టడం, వెక్కిరించడం మాత్రం చేయం. తనకూ మానాలనే ఉంది పాపం, లేవగానే "రాత్రి పెట్టుకున్నానా?" అని అడుగుతుంది. ముక్కు, దాని వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులు కూడా చూపించాం, ఇబ్బందేమీ లేదన్నారు.

ఇప్పుడు పిల్లల దంతవైద్యురాలు పై పళ్ల వెనక, అంగిలి దగ్గర తీగతో చేసిన క్రిబ్ బిగిద్దామంటున్నారు. కొన్ని నెలలు ఉంచాలట.

ఈ వయసులో మీ పిల్లలకు క్రిబ్ పెట్టించి ఉంటే, అది తీసేశాక రాత్రిపూట వేలు చీకడం మళ్లీ మొదలైందా?