కరివేపాకు చీటీలో ఎందుకు లేదు? ‘కొసరు’ మాట మీద ఒక సందేహం

మొన్న కార్తీక ఆదివారం ఇంటిల్లిపాదీ, పిల్లలతో కలిపి పద్నాలుగు మందిమి, వరంగల్ నుంచి పాకాల చెరువుకు వనభోజనాలకు వెళ్లాం. ముందురోజు సామాన్లు తెచ్చే పని మా అబ్బాయికి అప్పజెప్పాను. అత్తమ్మ చెప్తుంటే చీటీ నేనే రాశాను: సన్నబియ్యం, చింతపండు, పల్లీలు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాట, పచ్చిమిర్చి, అల్లం, ఎల్లిగడ్డ, ఇస్తరాకుల కట్ట. లక్ష్మీపురం మార్కెట్‌కు పొమ్మంటే వాడు ఏసీ ఉన్న సూపర్‌మార్కెట్‌కు పోయి, చీటీలో ఉన్నవన్నీ ఒక్కటి వదలకుండా తెచ్చాడు. తెల్లారి నాలుగింటికి పులిహోర పోపు వేయబోతే కరివేపాకు లేదు! బగారా అన్నంలోకి కొత్తిమీర లేదు! ఆ టైంలో ఏ షాపు తీసి ఉంటుంది? నిద్ర లేపి అడిగితే “చీటీల లేదు కదమ్మా” అన్నాడు.

వాడిది తప్పు కాదు. నేను ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఏ చీటీలోనూ కరివేపాకు, కొత్తిమీర రాయలేదు. కూరగాయలు కొంటే అవి కొసరుగా వస్తాయి. మా అత్తమ్మ లెక్కలో అవి కొనే వస్తువులే కావు.

ఇప్పుడు నా సందేహం. కొసరు అంటే కొన్నదాని మీద అదనంగా వేసేది. అంతవరకు అందరికీ తెలిసిందే. అడగడానికి కూడా అదే మాట: కొసరడం. అయితే అంగట్లో కొసరేది తీసుకునేవాళ్లు. ఇంట్లో “కొసరి కొసరి వడ్డించారు” అంటాం కదా, అక్కడ కొసరేది పెట్టేవాళ్లు. ఒకే క్రియ అటు కొనేవాళ్ల నోట్లో, ఇటు పెట్టేవాళ్ల చేతిలో ఎట్లా కుదిరింది? ఇట్లా అడిగితే వచ్చిన జవాబులు ఇవి.

నర్సంపేట నుంచి ఒకరు: మాటకు ముందు పద్ధతి చూడాలక్కా. బేరం వేరు, కొసరు వేరు. బేరం తూకానికి ముందు, ధర మీద. కొసరు తూకం అయ్యాక, సరుకు మీద. కాంటా రెండు పళ్లాలు సమానమయ్యాక ఇంకో రెండు టమాటలు ఆ పళ్లెంలోనే వేస్తారు చూడండి, అది కొసరు. ముందే వేస్తే తూకంలో కలిసిపోతుంది. ఇంకో సంగతి, బేరం గట్టిగా ఆడినవాళ్లకు కొసరడానికి మొహం చెల్లదు. మా నాయిన కిరాణం కొట్టు నడిపేవాడు. ఎవరన్నా పిల్లగాడు చక్కెరకొస్తే పొట్లం కట్టాక చేతిలో పిడికెడు పుట్నాలు పోసేవాడు. అందుకే ఊళ్లో పిల్లలు కొట్టుకు పొమ్మంటే ఉరికేవాళ్లు.

ఇంకొకరు: పాతకాలం ముచ్చట్లు. ఇప్పుడు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అంటున్నారు, అదీ కొసరే కదా?

నా జవాబు: కాదండీ. ఆ రెండో సబ్బు ధర మొదటి దాంట్లోనే కలిపి ఉంటుంది, పైగా అందరికీ ఒకటే లెక్క. కొసరు ఎంతో ముందు తెలియదు. మనిషిని బట్టి, పొద్దును బట్టి మారుతుంది. పొద్దుగూకే వేళ, గంప ఖాళీ చేసి ఇంటికి పోవాలన్న తొందరలో ఎక్కువ వస్తుంది. కొత్తిమీర పిరమున్న రోజు “ఇయ్యాల కొసరు లేదు బిడ్డా” అని ముందే చెప్తారు. ఉచితం అనే మాటలో ఈ మర్యాద లేదు.

హన్మకొండ నుంచి ఒక పెద్దాయన: తూనికల చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే శేరు, వీశె, మణుగు పోయి కిలోలు వచ్చాయి. రాళ్లు మారాయి, ఇప్పుడు రాళ్లే లేని కాంటాలు వచ్చాయి, కొసరు మాత్రం ఉంది. తమిళంలో కొసురు, కన్నడంలో కొసరు. అంటే ఇది మన ఒక్కరి అలవాటు కాదు. ‘అసలు కంటే కొసరు ఎక్కువ’ అన్న మాట దీంట్లోంచి పుట్టిందే. ‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అన్నది అప్పుల లెక్కలోది, దాన్ని మనవళ్ల మీద వాడుకుంటున్నాం. రెంటినీ కలపకండి.

కరీంనగర్ నుంచి ఒకామె: అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తోచింది చెప్తా. కొసరడంలో ముఖ్యం వస్తువు కాదు, విడవకుండా అడగడం. అంగట్లో “ఇంకింత ఎయ్యి” అని బతిమాలుతాం. పంక్తిలో “ఇంకింత తిను” అని బతిమాలుతాం. రెండు చోట్లా ‘ఇంకింత’ ఉంది, ఎదుటివాళ్లు వద్దనడం ఉంది, అయినా వదలకపోవడం ఉంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందన్నది ఆ క్రియకు పట్టదు. గమనించారా, వడ్డించేటప్పుడు ఒక్కసారి ‘కొసరి’ అనడం తక్కువ, ‘కొసరి కొసరి’ అనే ఎక్కువగా అంటాం. ఒక్కసారి అడిగితే అది వట్టి అడగడమే మరి.

ఇది నాకు బాగా నచ్చింది. పాకాల కట్ట మీద జరిగింది కూడా ఇదే. కరివేపాకు లేని పులిహోర ఎవరికి నచ్చుతుంది? అత్తమ్మ మాత్రం ఒక్కొక్కరి ఇస్తరాకు ముందు వంగి “ఇంకో రెండు బుక్కలు” అంటూ వేస్తూనే ఉంది. మా ఆడబిడ్డ ఆకుకు అడ్డంగా చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి వేసింది. గిన్నె అడుగు కనబడేదాకా కొసరింది.

మర్నాడు లక్ష్మీపురం నేనే పోయా, మా వాణ్ణి వెంట తీసుకుని. కిలో వంకాయలు తూచాక “గింత కరివేపాకెయ్యవమ్మా” అన్నా. “టమాట కొనకపోతివి, వంకాయకే కొసరా?” అంటూనే ఆమె రెండు రెబ్బలు తుంచి సంచిలో పడేసింది. మా వాడు ఆమెను, సంచిని మార్చి మార్చి చూశాడు. ఇంటికొచ్చి నాయినమ్మను అడిగాడు, ఇకనుంచి కరివేపాకు కూడా చీటీలో రాద్దామా అని.

“రాస్తే పైసలియ్యాలెరా” అంది అత్తమ్మ.