ఆర్కిటెక్చర్ చదవాలని ఉంది, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి దగ్గర పల్లెటూరు. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరంలో ఉన్నాను. బీఆర్క్ చేయాలని నా కోరిక. ఐదేళ్ల కోర్సు, నాటా గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ ప్రవేశ పరీక్ష రాయాలి, విజయవాడలో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది. ఇంతవరకు తెలుసుకున్నాను.

ఈ ఆలోచన అమ్మమ్మ ఇంటి వల్ల వచ్చింది. మూరెడు మందం మట్టిగోడల పాత ఇల్లు అది. మే నెలలో మా స్లాబు ఇంట్లో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే సెగ తగులుతుంది. అమ్మమ్మ మాత్రం ఫ్యాను లేకుండానే హాయిగా నిద్రపోతుంది. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ ఇటుకల్ని నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించారని చదివాను. ఇటుకలూ తక్కువ పడతాయి, వేడీ తగ్గుతుంది. మా క్వారీల పక్కన గుట్టలుగా పడి ఉన్న గెలాక్సీ గ్రానైట్ ముక్కల్ని చూసినప్పుడల్లా వీటితో గోడలు కట్టలేమా అనిపిస్తుంది.

నాన్న తాపీమేస్త్రి. "సివిల్ అయితే ఉద్యోగం వస్తుంది కదమ్మా" అంటున్నారు. ఆయన టెన్షన్ నాకర్థమవుతుంది. మట్టి, సున్నంతో ఇళ్లు కట్టే ఆర్కిటెక్టులకు మన ఒంగోలు, నెల్లూరు వైపు పని దొరుకుతుందా? కోచింగ్ లేకుండా నాటా రాసినవాళ్లు డ్రాయింగ్ ఎలా సాధన చేశారు? సెలవుల్లో అలాంటి కట్టుబడి దగ్గర పని నేర్చుకోవాలంటే ఎవరిని అడగాలి? దయచేసి చెప్పండి.