పాత డైనర్లు, దారి పక్క వింతలు: అమెరికాలో మీరు చూసినవి చెప్పండి

ఎడిసన్_వాసి:
ఈ వేసవికి అమ్మానాన్న వస్తున్నారు. నయాగరా, న్యూయార్క్ పోయినసారే చూశారు. ఈసారి పాతకాలపు డైనర్లు (కౌంటర్ ముందు కూర్చుని తినే చిన్న హోటళ్లు), దారిన పోయే కార్లను ఆపడానికి కట్టిన వింతలు చూపించాలని ఉంది. ఇంటర్‌స్టేట్ హైవే మీద ఏ ఎగ్జిట్ తీసుకున్నా అవే చెయిన్ రెస్టారెంట్లు, ఏ ఊరికొచ్చామో కూడా తెలియడం లేదు. ఇంకా మిగిలినవి ఏవి? ఇద్దరూ శాకాహారులు, అదీ చూసి చెప్పండి.

జెర్సీ_అక్క:
దూరం వెళ్లక్కర్లేదండీ. ఒకప్పుడు డైనర్‌ని ఫ్యాక్టరీలోనే రైలుపెట్టెలా మొత్తం తయారుచేసి, తెచ్చి స్థలంలో దింపేవారు. ఆ ఫ్యాక్టరీలు చాలా మన న్యూజెర్సీలోనే ఉండేవి. సమ్మిట్ స్టేషన్ దగ్గరున్న సమ్మిట్ డైనర్ అలా ఓమహోనీ కంపెనీ చేసిందే. కౌంటర్ స్టూలు మీద కూర్చుంటే వంట కళ్ల ముందే. గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్, హోమ్ ఫ్రైస్ (పెనం మీద వేయించిన బంగాళాదుంప ముక్కలు) చెప్పండి. డైనర్లలో బేకన్ (పంది మాంసం) కాల్చే పెనం మీదే మిగతావీ వేస్తుంటారు, పట్టింపు ఉంటే ముందే అడగాలి. డిస్కో ఫ్రైస్ (చీజ్, గ్రేవీ వేసిన ఫ్రెంచ్ ఫ్రైస్) తీసుకుంటే గ్రేవీ వద్దని చెప్పాలి, అది మాంసంతో చేసేది.

పాతకాపు_99:
వైటూకే పనికి (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే పనికి) వచ్చిన మాకు డైనర్ రెండో ఇల్లు. అర్ధరాత్రి దాటాక ఆఫీసు నుంచి బయటపడితే ఊళ్లో దీపం వెలిగేది అక్కడే. ఒక్క కాఫీకి డబ్బులిస్తే ఎన్నిసార్లయినా కప్పు నింపేవారు. ఇటువైపు చాలా డైనర్లు గ్రీకు కుటుంబాలవి. మేం వెళ్లే చోట ఓనరు, మేం మాంసం తినమని తెలిశాక, అడగకుండానే ఆమ్లెట్‌లో పాలకూర, ఉల్లిపాయలు దండిగా వేయించేవాడు. ఈ దేశంలో తన మొదటి పని గిన్నెలు కడగడమేనని చెప్పేవాడు. ఇంటి మీద బెంగపడ్డ రాత్రుల్లో ఆ మాట మాకు ఎంత ధైర్యమో! కోవిడ్ తర్వాత 24 గంటలూ తెరిచి ఉండేవి బాగా తగ్గిపోయాయి. ఇప్పుడొచ్చే పిల్లలకి అలాంటి చోటు దొరకదే అని నాకు నిజంగా బాధ. రాత్రిపూట వెళ్తే మాత్రం ఫోన్ చేసి వెళ్లండి.

డాలస్_తమ్ముడు:
అన్నా, వీలైతే రూట్ 66 వైపు రండి. 1926లో మొదలైన రోడ్డు, 1985లో అధికారికంగా జాతీయ రహదారుల జాబితాలోంచి తీసేశారు. మా టెక్సస్‌లో అమరిల్లో దగ్గర పొలంలో 10 పాత కాడిలాక్ కార్లు ముక్కు నేలలోకి దిగేసి ఉంటాయి, 1974 నుంచీ. ఎవరైనా స్ప్రే పెయింట్ వేయొచ్చు. మా పిల్లలు తెలుగులో పేర్లు రాశారు. ఖాళీ డబ్బాలు దయచేసి అక్కడ వదలకండి.

ఫీనిక్స్_నుంచి:
నా ఓటు రూట్ 66 మీదే ఉన్న మా అరిజోనా ఊరు సెలిగ్‌మన్‌కి. 1978లో కొత్త ఇంటర్‌స్టేట్ హైవే ఐ-40 ఊరిని తప్పించి పోయేసరికి కార్లు రావడం ఆగిపోయింది. అప్పట్లో అక్కడ బార్బర్ షాపు నడిపిన ఏంజెల్ డెల్గడిల్లో ఊరుకోలేదు. 1987లో నలుగుర్నీ కూడగట్టి సంఘం పెట్టి, పాత రోడ్డుకి చారిత్రక గుర్తింపు తెప్పించారు. ఒక ఊరు మళ్లీ లేచి నిలబడటం చూడాలంటే అక్కడికే వెళ్లాలి. అక్కడి నుంచి కింగ్‌మన్ దాకా ఆ రోడ్డు మీదే వెళ్లండి, ఐ-40 ఎక్కొద్దు. అరిజోనాలోనే హోల్‌బ్రుక్‌లో, గదులన్నీ కాంక్రీటు గుడారాల్లా ఉండే విగ్‌వామ్ మోటెల్ కూడా ఉంది.

జెర్సీ_అక్క:
పెద్దవాళ్లతో అంత దూరం కష్టమైతే అట్లాంటిక్ సిటీ పక్కన మార్గేట్‌లో లూసీని చూపించండి. ఆరంతస్తుల ఎత్తు ఏనుగు ఆకారపు భవనం, 1881లో చుట్టుపక్కల స్థలాలు కొనేవాళ్లను రప్పించడానికి కట్టారు. కూల్చేయబోతే ఊరివాళ్లు పట్టుబట్టి 1970లో పక్కకి జరిపించి బతికించుకున్నారు. పైన అంబారీలోంచి సముద్రం కనిపిస్తుంది. లోపలికి గైడుతోనే పంపుతారు, గుండ్రంగా తిరిగే మెట్లెక్కాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా?

ఎడిసన్_వాసి:
నాన్నకి పర్లేదక్కా, అమ్మకే కష్టం. మేం పైకి వెళ్లొచ్చేదాకా తను కింద కూర్చోడానికి నీడ ఉంటుందా? సమ్మిట్, మార్గేట్ రెండూ ఖాయం. పాతకాపు గారూ, సమ్మిట్‌కి మీరూ రండి.