‘రవి మధ్యాహ్నమునఁ జరింప’: నడినెత్తినా, నడిమింటా?

ఛందోవ్యసని: పోతన గారి వామన జననం పద్యం సగమే నోటికొస్తోంది. ‘రవి మధ్యాహ్నమునం జరింప గ్రహతారా...’ ఇది ‘జరింప’నేనా, ‘మధ్యాహ్నమునన్ వసింప’నా? మధ్యాహ్నమంటే సూర్యుడు ఖస్వస్తికంలో, అంటే సరిగ్గా తలకు నిట్టనిలువుగా పైన, నిలిచే క్షణం కదా, నిలిచినవాడు చరించడమేమిటి?

యతిభంగం: మత్తేభం. యతి 14వ అక్షరం, ర–రా కుదిరింది. ప్రాస ‘వ’. మీ అనుమానం 8వ అక్షరం మీద. రెండు పాఠాలకీ గణాలు సరిపోతాయి, ఛందస్సు తీర్పు చెప్పదు.

గోళబంధం: తీర్పు గోళంలో ఉంది. మధ్యాహ్నానికి ఖస్వస్తికంతో పని లేదండీ, యామ్యోత్తర వృత్తాన్ని దాటితే చాలు. ఆ వృత్తం క్షితిజం మీది ఉత్తర, దక్షిణ బిందువులను కలుపుతూ తల మీదుగా పోతుంది. ఖస్వస్తికం దాని మీద ఒక్క బిందువు మాత్రమే. సూర్యుడు అక్కడికే రావాలంటే ఆనాటి క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి సూర్యుడి కోణదూరం) ఆ చోటి అక్షాంశంతో సమానం కావాలి. క్రాంతి 23°26′ మించదు కాబట్టి ఆపైన ఉన్న అక్షాంశాలకు ఆ యోగమే లేదు. ఇక ‘జరింప’ అంటారా, పుట్టింది అభిజిత్తులో. పగటి 15 ముహూర్తాల్లో 8వది, సుమారు 48 నిమిషాలు. అంతసేపట్లో సూర్యుడి నతం (యామ్యోత్తరం నుంచి కాలకోణం) తూర్పున 6° నుంచి పడమట 6° దాకా మారుతుంది. చరించకేం చేస్తాడు?

పదశోధిని: నడినెత్తి ఖస్వస్తికం, నడిమిన్ను యామ్యోత్తరం. తెలుగులో ఈ తేడా ఉండేది, ఇప్పుడు రెండూ కలిపేస్తున్నాం. ‘స్వస్తికం’ అనడం కూడా ఊరికే కాదు. యామ్యోత్తర వృత్తమూ, తూర్పు పడమరల సమమండలమూ అక్కడ అడ్డంగా కోసుకుంటాయి. ఖస్వస్తికానికి ఇంగ్లీషు మాట జెనిత్, దాని కథ ఇంకా తమాషా: అరబ్బీ ‘సమ్త్ అర్రాస్’, అంటే తల వైపు దారి. లాటిన్ లేఖకులు ‘మ్’ని ‘ని’గా చదివారు, ఆ తప్పే నిలిచింది.

యతిభంగం: నడినెత్తికీ నడిమింటికీ అంత గిరిగీసిన కవి ఎవరో చెబుతారా? అది మీ సిద్ధాంతం.

పలభ: ‘రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై’ మరిచారా? వామనుడు పెరుగుతుంటే సూర్యుడు మొదట గొడుగై, ఆపై తల, చెవి, మెడ, చేతుల నగలై, చివరికి పాదపీఠమయ్యాడన్న పద్యం. గొడుగంటే నడినెత్తే. లెక్క చూడండి. సంస్కృత మూలంలో బలి యాగం భృగుకచ్ఛంలో, అక్షాంశం సుమారు 21°42′. అక్కడ సూర్యుడు ఖస్వస్తికం చేరేది మే చివర, మళ్లీ జూలై మధ్యలో. శ్రవణ ద్వాదశి నేటి లెక్కలో సెప్టెంబరు, క్రాంతి +3° అనుకుందాం. మధ్యాహ్న నతాంశ (ఖస్వస్తికం నుంచి సూర్యుడి కోణదూరం) దాదాపు 19°. నీడ కొలిచే 12 అంగుళాల శంకువుకి 4 అంగుళాల నీడ ఉత్తరాన పడుతుంది. గొడుగు దక్షిణానికి వాలిందన్నమాట.

గోళబంధం: వామన జననం వేరు, బలి దానం వేరు. ఒకే రోజని ఎక్కడుంది? పైగా అయనచలనం (విషువత్తులు మెల్లగా జరగడం) కలపకుండా నేటి క్రాంతి పెడితే ఎలా?

పలభ: సరే, వాలిన గొడుగే నా వాదానికి బలం. సూర్యుడు కచ్చితంగా ఖస్వస్తికంలో ఉంటే లంబనం (చూసే చోటు మారితే కనిపించే పక్కజరుగు) సున్నా. వటుడు ఎంత పెరిగినా సూర్యుడు పక్కకి జరగడు, నెత్తిలోంచి దూసుకుపోవాలి. మరి ‘శ్రవణాలంకృతి’ (చెవి నగ) ఎలా కుదిరింది? నతాంశ ఉంటేనే సూర్యుడు చెవి పక్కకి దిగుతాడు.

పదశోధిని: 19° అయితే చెవి పక్కన కాదు మాస్టారూ. 15 కోట్ల కిలోమీటర్లకి దాదాపు 4.9 కోట్లు ఎడం. తల ఆ ఎత్తుకి వచ్చేసరికి ఎడం ఎత్తులో మూడోవంతు, చెయ్యి చాపితే గానీ అందదు. కేయూరం (దండకడియం), కంకణం అప్పుడు కుదురుతాయేమో గానీ కర్ణాభరణం కుదరదు.

ఛందోవ్యసని: ఇంతకీ ‘జరింప’ ఖాయమేనా?

పలభ: ‘పదపీఠమై’ దగ్గర చూడండి, అది అధఃస్వస్తికమే, అంటే ఖస్వస్తికానికి ఎదురుగా సరిగ్గా పాదాల కింది బిందువు. కాకపోతే ఖగోళంలో దూరం ఉండదు, దిశే ఉంటుంది. దూరాన్ని లోపలికి తెచ్చింది పోతన గారు.

యతిభంగం: పాదం కింద పీఠం, గోళం కింద అధఃస్వస్తికం. రెండూ ఒకటే అనడానికి ముందు ఆయన నిలబడ్డ క్షితిజం ఏదో తేల్చండి.